ఎండలు ముదిరేలోపు: కోనసీమ పెంకుటింట్లో అతిథులకి బస నడపడం ఎలా

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక మా ఇంట్లో మొదట జరిగేది రగ్గులు ఎండబెట్టి పెట్టెలో సర్దడం. ఆ మర్నాడు అటక మీంచి కుండలు దిగుతాయి. అమలాపురానికి కాస్త లోపలికి, కొబ్బరితోట మధ్యలో మా తాతగారు కట్టించిన మండువా లోగిలి ఇది, అంటే నడిమధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు ఉన్న పెంకుటిల్లు. ఐదు గదులు అతిథులకి ఇస్తున్నాం. వెనక వసారా పక్కన రెండు గదుల్లో మేం ఉంటాం. పాత ఇల్లు పడగొట్టలేక, ఖాళీగా ఉంచలేక ఇలాంటి పని మొదలుపెడదామనుకునేవాళ్లు ఈమధ్య చాలామంది ఫోన్ చేస్తున్నారు. వాళ్లకి విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఇది మార్చి మొదటి నుంచి మే రెండో వారం దాకా పనికొచ్చే సంగతి. రోహిణి కార్తె వేరే లెక్క. రోళ్లు పగిలే ఎండల్లో మనుషుల్ని పిలిచి డబ్బులు తీసుకోవడం నాకు నచ్చదు. మే మూడో వారం నుంచి మొదటి వాన పడేదాకా మేం బుకింగులు ఆపేస్తాం.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. హోటల్లాగా అన్ని గంటలూ ఏదో ఒకటి చూపించాలనుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి ఆటో మాట్లాడి హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన్ని ఊరు చూపించడానికి పంపాను. ఆయన కళ్లు తిరిగి కల్లు పాక దగ్గర కూలబడ్డారు. ఆటో అబ్బాయి కొబ్బరి బొండం తాగించి వెనక్కి తీసుకొచ్చాడు. ఆ సాయంత్రం మా అత్తయ్య ఒకటే మాట అంది: "ఈ ఇంటికో వేళ ఉందిరా. తొమ్మిదిన్నరకి తలుపులేస్తాం, నాలుగున్నరకి తీస్తాం. నువ్వు కొత్తగా కనిపెట్టక్కర్లేదు." ఇక్కడ చెప్పబోయే ప్రతి పనీ ఆ వేళ చుట్టూ తిరిగేదే.

మొదట కప్పు, ఫిబ్రవరిలోనే

పెంకు సర్దేవాళ్లని అందరూ మే నెలలో పిలుస్తారు, వర్షాలకి ముందు. అప్పుడు వాళ్లు దొరకరు, దొరికినా అడిగినంత ఇవ్వాలి. పైగా ఏప్రిల్లో వచ్చే ఈదురుగాలులు మే దాకా ఆగవు. ఫిబ్రవరిలో పిలవండి.

వాళ్లు రాకముందు మీరే ఒక పని చెయ్యండి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు గది తలుపులన్నీ మూసి లోపల నిలబడి పైకి చూడండి. ఎక్కడ వెలుగు చుక్క కనిపిస్తే అక్కడ పెంకు జరిగినట్టే. ఆ చుక్క కింద నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. మా ఇంట్లో మొదటిసారి పద్నాలుగు చుక్కలు కనిపించాయి. కొన్ని పిల్లుల పని, కొన్ని కోతుల పని, మిగతావి కొబ్బరికాయలు పడినవి. అటక ఉన్న గదుల్లో ఈ పరీక్ష కుదరదు, టార్చి పట్టుకుని అటకెక్కాల్సిందే.

బెంగళూరు పెంకులైతే పాతవి ఓ యాభై దాకా పక్కన పెట్టుకోండి. ఒక్కో ఫ్యాక్టరీ అచ్చు ఒక్కోలా ఉంటుంది, కొత్త పెంకు పాత వరసలో సరిగా కూర్చోదు. ఊళ్లో ఎవరైనా పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే ముందుగా వెళ్లి పెంకులు అడగండి. పెంకులు మోసే చెక్క బద్దలకి, అంటే రీపర్లకి, చెద పట్టిందో లేదో కత్తి పిడితో తట్టి చూడండి, బోలుగా మోగితే మార్చాల్సిందే.

మండువా మధ్యలోని తూము మర్చిపోవద్దు. నాలుగు నెలలు వాన లేకపోయేసరికి ఆకులు, గూళ్లు, పిల్లలు దోపిన చాక్లెట్ కాగితాలు అన్నీ అందులో చేరతాయి. రెండు బకెట్లు కుమ్మరిస్తే నీళ్లు నిలవకుండా పోవాలి. గాలివాన వచ్చిన రాత్రి ఇది ముంచుతుందో తేల్చుతుందో మీరు ఫిబ్రవరిలో చేసే ఈ పని మీదే ఉంటుంది.

గోడల విషయంలో ఒక్క మాట. పాత సున్నపు గచ్చు గోడలకి ప్లాస్టిక్ పెయింట్ వెయ్యొద్దు. లోపలి చెమ్మ బయటికి రాలేక ఏడాది తిరిగేసరికి బొబ్బలెక్కి పెచ్చులూడుతుంది. రెండు చేతులు సున్నం వేయించండి, అందులో కాస్త జిగురు కలపమనండి. లేకపోతే అతిథుల చొక్కాల వీపులన్నీ తెల్లగా అవుతాయి.

కాగితాలు

ఇంటివాళ్లు అక్కడే ఉంటూ ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఇచ్చేవాళ్ల కోసం కేంద్ర పర్యాటక శాఖకి ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అనే పథకం ఉంది. వంట పెడితే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. రోజుకి 7,500 రూపాయల లోపు గదుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం. మీ మొత్తం రాబడి ఏడాదికి 20 లక్షలు దాటకపోతే సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ, ఇది మాత్రం మీ ఆడిటర్‌తో మాట్లాడే చెయ్యండి.

చాలామంది జారిపోయేది ఇంకొకచోట. విదేశీ పాస్‌పోర్టుతో ఎవరు బస చేసినా 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. అందరూ ఫారం సి అని పిలిచేది ఇదే. మన అమ్మాయి, మన అల్లుడు, తెలుగు గలగలా మాట్లాడే పిల్లలే కదా అనుకుంటాం. ఆ పిల్లల చేతిలో ఉండేది అమెరికా పాస్‌పోర్టు. వేసవిలో వచ్చే కుటుంబాల్లో ఇలాంటివాళ్లు ఉంటూనే ఉంటారు, కాబట్టి గది ఇచ్చేటప్పుడే పిల్లల పాస్‌పోర్టులూ అడగండి.

నీళ్లు

కోనసీమ అంటే నీళ్లకి కొదవేమిటని బయటివాళ్లు అనుకుంటారు. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా బతుకంతా కాలువల మీదే. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతకొచ్చాక మరమ్మతుల కోసమని కాలువలకి నీళ్లు ఆపేస్తారు. దానికి ముందే పంచాయతీ వాళ్లు మంచినీళ్ల చెరువు నింపుకుంటారు. మీరు కూడా కాలువ ఎప్పుడు ఆపుతున్నారో, కాలువ కాపలా చూసే లస్కర్‌ని అడిగి, ఆ తేదీకి వారం ముందే మీ ట్యాంకులు, తొట్లు కడిగి సిద్ధంగా ఉంచుకోండి.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో బోరు ఎక్కువసేపు తోడితే నీళ్లు ఉప్పగా మారతాయి. మేం మోటారు ఒకేసారి మూడు గంటలు వెయ్యకుండా పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట వేస్తాం. బాత్రూముల్లో షవర్ తీసెయ్యలేదు గానీ, పక్కనే పెద్ద ఇత్తడి గంగాళం, చెంబు పెట్టాం. ఎవరికీ చెప్పక్కర్లేకుండానే సగం మంది చెంబుతోనే పోసుకుంటున్నారు. నీళ్ల వాడకం బాగా తగ్గింది.

బావి ఉంటే మార్చి మొదట్లో బ్లీచింగ్ వెయ్యండి. లెక్క తేలికే. బావి వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చించి, దాన్ని నీటి లోతుతో హెచ్చించి, 3.14తో హెచ్చించి 4తో భాగించండి. అన్నీ మీటర్లలో ఉండాలి. వచ్చినది ఘనపు మీటర్లు, అంటే ఒక్కోదానికి వెయ్యి లీటర్లు. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీళ్లు ఉంటే సుమారు 9,400 లీటర్లు. వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చొప్పున 24 గ్రాములు సరిపోతుంది. దాన్ని బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకి చేరాక పైన తేరిన నీళ్లు మాత్రమే బావిలో పోసి చేదతో బాగా కలపండి. కనీసం గంటసేపు ఎవరూ తోడకూడదు. మేం రాత్రి వేసి పొద్దున వాడతాం. పౌడర్ తాజాదై ఉండాలి, మూత తీసి పెట్టినదాంట్లో సత్తువ ఉండదు. ఇదంతా చేసినా అతిథులకి తాగడానికి మాత్రం ఆర్వో నీళ్లే ఇవ్వండి. బావి నీళ్లు స్నానానికి, గిన్నెలకి.

తాగే నీళ్లు కుండలో పోసి పెట్టండి. కొత్త కుండని ఒక రోజంతా నానబెట్టి, మొదటి రెండు మూడు సార్లు పోసిన నీళ్లు పారబోస్తే మట్టి వాసన తగ్గుతుంది. తడి ఇసక మీద కూర్చోబెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టండి. నిరుటి కుండ వాడొద్దు, సూక్ష్మ రంధ్రాలు పూడిపోయి అది ఉత్త పాత్రలా తయారవుతుంది. ఇన్ని కుండలు ఏం చేసుకోను అంటే, పిచ్చుకలకి నీళ్లు పెట్టుకోవచ్చు.

చల్లగా ఉంచడం

హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో పనిచేసే ఎయిర్ కూలర్ ఇక్కడ పనిచెయ్యదు. అక్కడి గాలి పొడి, నీటిని పీల్చుకుని చల్లబడుతుంది. ఇక్కడి గాలిలో ముందే తడి ఉంది, దానికి ఇంకాస్త తడి పోస్తే గది ఉడికినట్టుంటుంది. నేను రెండు కూలర్లు కొని, మూడో రోజుకి గొడ్లసావిట్లో పడేశాను. కూలర్‌కి పెట్టే డబ్బు ఫ్యాన్లకి పెట్టండి.

పడమటి కిటికీలకి వట్టివేళ్ల తడికలు కట్టండి. వాటి వల్ల గది చల్లబడిపోతుందని చెప్పను, అదే తడి గాలి సమస్య. కానీ నీడ ఇస్తాయి, మధ్యాహ్నం నీళ్లు చల్లినప్పుడు వచ్చే వాసనకి మనిషి సగం చల్లబడతాడు. అసలు పని తలుపులది. రాత్రంతా కిటికీలన్నీ తెరిచి ఉంచి, పొద్దున తొమ్మిదిన్నరకల్లా అన్నీ మూసెయ్యాలి. సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య మళ్లీ తెరవాలి. ఇది పనివాళ్ల మీద వదిలేస్తే అతిథులు పదకొండింటికి వెలుతురు కోసమని కిటికీ తెరుస్తారు. చిరునవ్వుతో వెళ్లి మీరే వేసి, ఎందుకో ఒక్కసారి చెప్పండి. రెండో రోజు నుంచి వాళ్లే వేసుకుంటారు.

అటక ఉన్న గదికీ లేని గదికీ తేడా మధ్యాహ్నం రెండింటికి అరచెయ్యి పైకెత్తితే తెలుస్తుంది. అటక లేని మూడు గదులకి ఏసీ పెట్టాం, అటక ఉన్న రెండు గదులకి పెట్టలేదు. ఆ రెండు గదులకి రేటు తక్కువ. తెలిసినవాళ్లు వాటినే అడుగుతున్నారు. సాయంత్రం ఊరంతా ఫ్యాన్లు, టీవీలు వేసేసరికి వోల్టేజీ పడిపోతుంది, ఏసీలకి స్టెబిలైజర్ లేకుండా వెయ్యకండి.

దుప్పట్ల సంగతి: సింథటిక్ కలిసినవి వద్దు, ఉత్త నూలువే. తువ్వాళ్లు మేం బండారులంక చేనేతవి తెచ్చుకుంటాం, పల్చగా ఉండి రెండు గంటల్లో ఆరిపోతాయి. హోటళ్లలో ఉండే మందపాటి తెల్ల టవళ్లు ఈ ఉక్కలో రోజంతా ఆరేసినా ఓ రకం వాసన కొడతాయి.

ఫోన్లోనే చెప్పెయ్యండి

వేసవి మొదట్లో వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫొటోల్లో పచ్చని పొలాలు చూసి వస్తారు. దాళ్వా చేలు మార్చి దాకా పచ్చగానే ఉంటాయి, తర్వాత రంగు తిరుగుతాయి. ఏప్రిల్లో కోత మిషన్లు దిగుతాయి. ఆ పదిహేను రోజులూ దుమ్ము, ట్రాక్టర్లు, రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం. ఆ తర్వాత మోళ్లు. కొబ్బరితోటలు మాత్రం ఎప్పుడూ పచ్చనే. ఇది దాచిపెడితే వచ్చాక ముఖాలు మాడిపోతాయి. ముందే చెబితే కొందరు కోత చూడటానికే వస్తారు.

రెండో ప్రశ్న ఎప్పుడూ ఇదే:

"ఏవండీ, పులస పెడతారా?"

"ఇప్పుడు లేదండి. గోదారికి ఎర్రనీళ్లు రావాలి. జూలై దాటాక రండి."

"పోనీ, ఎలాగోలా చూడండి. డబ్బు సంగతి ఆలోచించకండి."

ఇక్కడే మనిషికి ఆశ పుడుతుంది. సముద్రపు విలస తెచ్చి పులస అని పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ పని చెయ్యకండి. పండుగప్ప ఉంది, రొయ్య ఉంది, కొరమీను ఉంది, ఏది దొరికితే అది ముందురోజు చెప్పండి. పులస కోసమే అడిగినవాళ్ల నంబరు రాసిపెట్టుకుని, వరద వచ్చాక మీరే ఫోన్ చెయ్యండి.

చేపల, రొయ్యల చెరువులు పక్కనే ఉంటే నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ల చప్పుడు, మేత వాసన ఉంటాయని కూడా చెప్పండి. రైలు దిగేది రాజమండ్రిలో అని, అక్కడి నుంచి రావులపాలెం మీదుగా దాదాపు రెండు గంటలు పడుతుందని చెప్పండి. మధ్యాహ్నం రైలు దిగి ఎండలో రావడం కన్నా, తెల్లారేసరికి దిగే బండికి టికెట్ తీసుకోమనండి. తొమ్మిదింటికల్లా ఇంట్లో ఉంటారు, తలుపులేసే వేళకి సరిగ్గా.

ఏప్రిల్ మూడో వారం దాకా వచ్చేది ఎక్కువగా శని ఆదివారాల జంటలు, రిటైరైన పెద్దలు. బడులకి సెలవులిచ్చాక మొత్తం మారిపోతుంది, పిల్లల సంత.

రోజు ఎలా నడపాలి

తెల్లవారుజామున ఐదింటికి పొయ్యి వెలగాలి. ఐదున్నరకి అరుగు మీద కాఫీ పెట్టండి. లేపొద్దు. డికాక్షన్ వాసనకి, కోయిల కూతకి లేచేవాళ్లు లేస్తారు, లేవనివాళ్లని వదిలెయ్యండి.

ఆరింటికల్లా కాలవగట్టు మీద నడకకి తీసుకెళ్లండి. కొబ్బరి దింపు ఉన్న రోజైతే అదే పెద్ద కార్యక్రమం. దింపు తీసే బాబాయ్ కాళ్లకి బందం వేసుకుని చకచకా ఎక్కిపోతుంటే అందరూ ఫోన్లు తీస్తారు. ముందే ఆయన్ని అడిగి పెట్టుకోండి, ఫొటోలకి ఒప్పుకుంటేనే. ఆయన రోజు కూలికి అడ్డం పడుతున్నాం కాబట్టి మేం విడిగా కొంత ఇస్తాం. జనాన్ని చెట్టుకి బాగా దూరంగా నిలబెట్టండి, గెల ఎటు పడుతుందో ఆయనకి తెలుసు, మనకి తెలీదు.

ఎనిమిదికి టిఫిన్. మా వంటావిడ పెసరట్టు ఉప్మా, మినపరొట్టి, ఆవిరికుడుము తిప్పి తిప్పి చేస్తుంది. అడిగినవాళ్లకి చద్దన్నం, చల్ల మిరపకాయలు. ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు మూడు రోజులూ చద్దన్నమే తిన్నాడు. అంతర్వేది వెళ్లేవాళ్లు ఆరింటికే బయల్దేరాలి, గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోట ఎండ పదింటికే మంట పెడుతుంది.

పదింటి నుంచి పన్నెండు దాకా మండువాలో నీడ పని. కొత్త మామిడికాయ తరగడం, తాటాకు అల్లడం, పనస పొట్టు కొట్టడం చూడటం. పన్నెండున్నరకి భోజనం. ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఏమీ పెట్టకండి. ఏమీ అంటే నిజంగా ఏమీ. టీ కూడా అడిగితేనే. ఇది అతిథుల కోసమే అనుకోకండి, ఐదింటికి లేచిన వంటావిడ, ఆవిడకి సాయం చేసే అమ్మాయి ఆ మూడు గంటలూ పడుకోకపోతే రాత్రి కూరలో ఉప్పు ఉండదు.

నాలుగున్నరకి ముంజలు. ఈ ఒక్కటీ కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది పాడు చేసేది ఇదే. కాయలు పొద్దున దింపినవే కావాలి, నిన్నటివి గట్టిపడతాయి. కొట్టేవాణ్ణి ఇంటికే పిలవండి, బజార్లో కొట్టి ప్యాకెట్లో అమ్మేవి వద్దు. పైన పలకలాగా నరికితే మూడు కళ్లు కనిపిస్తాయి. బొటనవేలు లోపలికి పోనిచ్చి తిప్పితే ముంజ బయటికి వస్తుంది, నీళ్లు చేతుల మీంచి మోచేతుల దాకా కారతాయి. ఆ చెయ్యి తడపని వాడు ముంజ తిన్నట్టు కాదు. వేలు పెట్టగానే తేలిగ్గా దిగితే లేతది, గట్టిగా తగిలితే ముదిరింది, దాన్ని పక్కన పెట్టెయ్యండి. ముదురుది తింటే కడుపునొప్పి. పిల్లలకి గోధుమరంగు పొట్టు తీసి ఇవ్వండి, వగరు అంటారు.

తిన్నాక కాయలు పారెయ్యొద్దు. ఖాళీ కాయలు రెండు తీసుకుని, మధ్యలో గట్టి పుల్ల గుచ్చితే ఇరుసు. పంగ ఉన్న పొడవాటి కర్ర ఒకటి ఆ ఇరుసు మీద ఆనించి తోస్తే తాటికాయ బండి. సిటీ నుంచి వచ్చిన పిల్లలకి ఇది ఒకసారి చేసి చూపిస్తే చాలు, చీకటి పడేదాకా వాకిట్లో దడదడ. వాళ్ల నాన్నలు కూడా తోస్తారు, ఫొటోలు వద్దంటూ.

సాయంత్రం ఐదున్నరకి రేవు దాకా వెళ్లి పంటు (జనాన్ని దాటించే పడవ) ఎక్కి అవతలి లంకకి, అంటే ఏటి మధ్య దిబ్బకి, వెళ్లి రావడం ఒక్కటే మేం పెట్టుకున్న షికారు. ఏడున్నరకి భోజనం, పల్చటి మజ్జిగ పులుసో, మామిడికాయ పప్పో. రాత్రి మాంసాహారం తేలిగ్గా పెట్టండి.

వంటింటి గురించి ఇంకాస్త

మామిడి మొదట్లో పచ్చికాయ, తర్వాతే పండు. మార్చిలో పప్పు, పులిహోర, కొబ్బరి మామిడికాయ పచ్చడి. ఏప్రిల్లో పండ్లు మొదలవుతాయి. బజారులో తొందరగా పసుపెక్కిన బంగినపల్లి కనిపిస్తే ఆగండి. కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధం, అయినా ఆగలేదు. తోట నుంచి కాయలు తెచ్చుకుని గడ్డిలో మగ్గేసుకోండి. గది వాసన చూసి అతిథులే ఎన్ని రోజులు పడుతుందని అడుగుతారు.

ఆవకాయ కలిపే రోజు అతిథుల్ని కూర్చోబెడితే సందడిగా ఉంటుంది, కానీ హద్దులు పెట్టండి. ముక్క కొట్టే కత్తి మీ మనిషి చేతిలోనే ఉండాలి. జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడిచే పని అతిథులకి ఇవ్వండి. తడి చెయ్యి జాడీ దరిదాపులకి రాకూడదు. నిరుడు ఎవరో చిన్నబాబు ఐస్ తిన్న చేత్తో ముచ్చటపడి ఒక్కసారి కలిపాడు. పది రోజులకి జాడీ మీద తెల్లటి బూజు. అప్పటి నుంచి అతిథుల కోసం చిన్న జాడీ, ఇంటికి పెద్ద జాడీ వేరు వేరుగా పెడుతున్నాం. ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి భోజనం చివర ఇస్తాం. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక అడిగేవాళ్లు పెరిగారు. బెల్లం వేసినవి చల్లటి చోట పెట్టండి, ఈ ఉక్కకి సాయంత్రానికి మెత్తబడిపోతాయి.

ఆరుబయట పడక

చాలామంది అసలు వచ్చేదే దీనికోసం. పెరట్లో నవారు మంచాలు, పైన చుక్కలు. చెయ్యడం తేలికే, కానీ నాలుగు విషయాలు చూసుకోవాలి. మంచం కొబ్బరిచెట్టు కింద ఉండకూడదు, ఎంత నీడగా కనిపించినా సరే. ఊయల కూడా అంతే, మామిడికో వేపకో కట్టండి. దోమతెర నాలుగు కర్రలకి కట్టి అంచులు పరుపు కిందికి దోపాలి. అది దోమలకే కాదు, కట్లపాముకి కూడా అడ్డం. ఆ పాము రాత్రిళ్లు తిరుగుతుంది, కరిచినా పెద్దగా నొప్పి తెలీదు. అందుకే నేల మీద చాప పరిచి పడుకుంటామంటే ఒప్పుకోకండి. ప్రతి మంచం దగ్గరా టార్చి, చెప్పులు ఉండాలి. చెప్పులు వేసుకునే ముందు దులపమని చెప్పండి.

నాలుగోది ఆకాశం. ఏప్రిల్లో రోజంతా ఆకు కదలకుండా ఉడికిపోతే రాత్రికి గాలివాన లెక్కలో పెట్టుకోండి. ఈశాన్యాన మెరుపు కనబడినా, కుక్కలు అరుగెక్కి పడుకున్నా నేను మంచాలు లోపలికి వేయించేస్తాను. ఒకసారి వెయ్యలేదు. పదకొండున్నరకి గాలి మొదలైంది. ఎండుటాకులు, ఇసక, ఎక్కడిదో ఓ రేకు ఎగిరొచ్చాయి. దోమతెరల్లో చిక్కుకుని మనుషులు వలలో చేపల్లా కొట్టుకున్నారు. అందరం మండువాలోకి పరిగెత్తేసరికి కరెంటు పోయింది. పెంకుల మీంచి నీళ్లు నాలుగు వైపులా ధారలుగా మండువా మధ్యలో పడుతుంటే, లాంతరు వెలుగులో అందరూ చుట్టూ కూర్చుని చూస్తూ ఉండిపోయారు. తూము బాగానే లాగింది. తెల్లారాక పిల్లలు రాలిన మామిడికాయలు ఏరుకొచ్చారు, రెండు బుట్టలు. మంచాల సంగతికి నేను క్షమాపణ చెప్పబోతే, ఈ రాత్రి కూడా వస్తుందా అని అడిగింది ఒకావిడ.

ఉరుములు మొదలైతే చెట్ల కింద, గట్టు మీద ఎవరూ ఉండకూడదు. ఇందులో మొహమాటం వద్దు.

ప్రాణం మీదికి వచ్చేవి

గోదారిలో ఈతకి ఒప్పుకోకండి. వేసవిలో నీళ్లు తగ్గి అమాయకంగా కనిపిస్తుంది, మోకాలి లోతు ఇసక పక్కనే నిలువెత్తు గుంత ఉంటుంది. పడవెక్కితే లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర పడవ మునిగింది గుర్తున్నవాళ్లకి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఎండదెబ్బకి ముందుగా వచ్చేవి తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, నీరసం. నీడకి తెచ్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఫ్యాన్ వెయ్యండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఎప్పుడూ ఉంచుకోండి. లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో, అంచు దాటకుండా సమంగా గీసి, కలపండి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ లేకపోయినా నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి. పాము కరిచినా అంతే, కట్లు, మంత్రాలు, కోతలు వద్దు, నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి. ఏ ఆసుపత్రిలో విరుగుడు మందు ఉందో మార్చిలోనే వెళ్లి కనుక్కుని నంబరు గోడ మీద రాయండి.

వెళ్లేటప్పుడు

బయల్దేరేది కూడా వేళ ప్రకారమే, ఏడింటికి లేదా సాయంత్రం ఐదు దాటాక. పదింటికి చెకౌట్ అనే హోటల్ నియమం ఇక్కడ మనుషుల్ని ఎండలోకి తోసెయ్యడమే. ఆ రోజు గదికి వేరే బుకింగ్ లేకపోతే సాయంత్రం దాకా ఉండమంటాం, భోజనం డబ్బులు తీసుకుంటాం.

చేతికి చిన్న సీసా ఆవకాయ ఇస్తాం, మూడో రోజు తిరగ కలిపి నూనె తేలిందో లేదో చూసుకోమని చీటీ రాసి. విమానంలో వెళ్లేవాళ్లకి చెకిన్ బ్యాగులో పెట్టుకోమని రెండుసార్లు చెప్పాలి. కొబ్బరికాయలు వలిచి ఇస్తే డిక్కీలో దొర్లవు.

పిల్లలు తాటికాయ బండి కూడా తీసుకెళతామని పేచీ పెడతారు. వద్దంటే ఏడుస్తారు, సరే అంటే రావులపాలెం దాటేలోపు కారంతా పులిసిన వాసన, ఈగలు. మేం కర్ర మాత్రం కారులో పెట్టించి, కాయలు మళ్లీ వచ్చినప్పుడు కొత్తవి కొట్టిస్తామంటాం. మా గొడ్లసావిట్లో కూలర్ల పక్కన ఓ పాతిక కర్రలున్నాయి, కారులో పట్టక వదిలేసినవి. ఒక్కోదాని మీద బొగ్గుతో పేరు రాసుంటుంది.